బొటనవేలితో నరికిన చెరకు

ఎకరంన్నర చెరకు తోటని రెండు రోజుల్లో నేలమట్టం చేసిన మొనగాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఈ పేజీ మీద కళ్లు నిలపండి, నేనే. కత్తి పట్టలేదు, చేలోకి దిగలేదు, చెప్పుకి మట్టి కూడా అంటలేదు. చోడవరంలో మా ఇంటి వరండాలో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో నరికేశాను. ఆ తోట నాది కూడా కాదు, మా మావగారిది. ఆ తర్వాత నాకు పట్టిన గతి ఏమిటో దాచకుండా చెప్తాను. మీరు నవ్వుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. మా అత్తవారి ఊళ్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు కాబట్టి, మీవల్ల కొత్తగా పోయే పరువేమీ లేదు.

అప్పటికి నాకు ముప్ఫై దాటాయి. పేరు గోవిందరావు, ఉద్యోగం ఒక ఆఫీసులో గుమాస్తా. కానీ నా దృష్టిలో అది పొట్టకూటికి చేసే పని మాత్రమే. నా అసలు ఉద్యోగం ఫోనులో ఉండేది. నాతో చదువుకున్నవాళ్ల గ్రూపు, ఆఫీసు గ్రూపు, మా వీధి గ్రూపు, చుట్టాల గ్రూపు, చెరకు రైతుల గ్రూపు, ఇలా పదకొండు గ్రూపుల్లో ఉండేవాణ్ణి. నాకు సెంటు చెరకు లేదు, అయినా రైతుల గ్రూపులో నా గొంతే పెద్దది. ఒక గ్రూపులో వచ్చిన కబురుని వేడి చల్లారకముందే మిగతా పదింటికీ చేరవెయ్యడం నా ధర్మం అనుకునేవాణ్ణి. ఆ కబురు నిజమా, అబద్ధమా అనేది నా శాఖ కాదు. నాది పంపిణీ శాఖ.

ఒకసారి వంకాయ, పెరుగు కలిపి తింటే కీళ్లు పట్టేస్తాయని ఎవరో పంపితే, ఆలస్యం చెయ్యకుండా ఊరందరికీ పంపించాను. ఆ తర్వాత నెల రోజులపాటు మా ఇంట్లో వంకాయ కనపడలేదు. నాకేమో వంకాయ కూరంటే ప్రాణం. ఉండబట్టలేక మా ఆవిడ ఈశ్వరిని అడిగాను.

"ఏటే, ఈ మధ్య వంకాయ ఒండడం మానేసేవు?"

"మీరే కదేటండీ పంపించేరు, కీళ్లు పట్టేస్తాయని?"

"ఓసి పిచ్చిదానా, అది ఊళ్లోవాళ్ల కోసం. మనకోసం కాదు."

ఆవిడ నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకి అర్థం తెలుసుకునే తీరిక నాకు లేదు, ఈలోగా ఇంకో కబురు వచ్చింది.

బండి మీద వెళ్తున్నా ఇదే వరస. ఒకసారి బస్టాండు దగ్గర, ఎడమచేత్తో హేండిలూ కుడిచేత్తో ఫోనూ పట్టుకుని వెళ్తూ, నడిరోడ్డు మీద నిలబడ్డ గేదెని గుద్దేశాను. తల ఎత్తకుండానే "సారీ అండీ" అన్నాను. గేదెకి ఏమీ కాలేదు. నాకు మోకాలు చెక్కుకుపోయింది, ఫోను మూడు ముక్కలైంది. అందులో నేను ఎన్నేళ్లుగానో రాసి పారేసిన రాతలన్నీ దానితోనే పోయాయి. ఈ గేదె సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, దీనితో తర్వాత పనుంది. మర్నాడే ఇంకా పెద్ద తెర ఉన్న ఫోను కొన్నాను. మనిషికి బుద్ధి రావలసిన చోట నాకు పెద్ద తెర వచ్చింది.

ఇక మా మావగారు. అప్పలనాయుడు గారిది బుచ్చయ్యపేట పక్క ఊరు. ఉన్నది ఎకరంన్నర చెరకు, ఏడాది పొడుగునా ఆయన దానికి చేసిన చాకిరీ నేను నా జన్మలో ఎవరికీ చెయ్యలేదు. మా వైపువాళ్లు కానివాళ్ల కోసం ఒక్క ముక్క చెప్పాలి. చక్కెర ఫ్యాక్టరీకి వెళ్లే చెరకుని ఎవరికి తోచినప్పుడు వాళ్లు కోసెయ్యడానికి లేదు. క్రషింగ్, అంటే చెరకు ఆడే సీజను, నడిచినన్నాళ్లూ ఫ్యాక్టరీవాళ్లు వరస ప్రకారం ఒక్కో రైతుకీ కటింగ్ ఆర్డరు ఇస్తారు. అది చేతికొచ్చాకే చేలో కత్తి పెట్టాలి. తొందరపడి ముందే కోస్తే గేటు దగ్గర తీసుకోరు, కోసి పడేసిన చెరకు ఎండకి ఆరిపోయి తూకం పోతుంది. ఇది మా దగ్గర బడికెళ్లే పిల్లల్ని అడిగినా చెప్తారు. నాకూ తెలుసు. కాకపోతే నాకు అంతకన్నా ఎక్కువ తెలుసనే నమ్మకం ఒకటి ఉండేది.

ఒక బుధవారం పొద్దున్న టీ తాగుతుంటే చిట్టిబాబు దగ్గర నుంచి కబురు వచ్చింది. చిట్టిబాబు నాతో చదువుకున్నాడు, విశాఖపట్నంలో ఉద్యోగం. నా ధాటికి తట్టుకోలేక గ్రూపులన్నిట్లోంచీ తప్పుకుని బతికి బయటపడ్డ ఒకే ఒక్క మనిషి. వాడు పంపింది ఇదీ:

"రైతు సోదరులారా, మేలుకోండి! ఈ శనివారంతో మన ఫ్యాక్టరీలో క్రషింగ్ ఆఖరు! ఆ తర్వాత గేటు ముందు తల బాదుకున్నా ఒక్క గడ కూడా తీసుకోరు! ఆర్డరు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే చెరకు చేలోనే, మనం గట్టు మీదే! ఇది చదివి ఊరుకున్నవాడు తోటి రైతుకి ద్రోహం చేసినవాడే! పదిమందికీ పంపండి!"

చదువుతుంటే నాకు ఒళ్లు పులకరించింది. ఎవరు రాశారోగాని ఏం రాశారు! ఎంత ఆవేశం, ఎంత బాధ్యత! నా మనసులో ఉన్న మాటలు నాకన్నా ముందు ఇంకెవరికో దొరికాయే అని కాస్త అసూయ కూడా కలిగింది. ఈశ్వరిని పిలిచి గట్టిగా చదివి వినిపించాను.

"ఇదేటండీ, అచ్చం మీరు అరిసినట్టే ఉంది?" అంది ఆవిడ.

"తెలివైనోడు ఎవడు రాసినా ఇలాగే ఉంటాదే."

"అలాగైతే ముందు మా నాన్నకి ఫోన్ సేసి అడగండి. ఆర్డరొచ్చిందో లేదో."

"అడగడమేటి? నేను వెళ్లి సెప్పాలి. ముందు ఊరందరికీ సెప్పాలి."

ఆ రెండో పని ముందు చేశాను. పదకొండు గ్రూపులకీ పంపడానికి ఎంతసేపు పట్టిందంటే, టీ గ్లాసు మీద ఆవిరి ఇంకా పోలేదు. వెంటనే ఆఫీసుకి కడుపునొప్పని సెలవు పెట్టి బండి తీశాను.

మావగారు పశువుల సాల ముందు కూర్చుని తాడు పేనుతున్నారు. ఆయన దగ్గర కూడా ఒక ఫోను ఉంది, మీటలది. ఎవరైనా చేస్తే ఎత్తుతారు, అవసరమైతే చేస్తారు, మిగతా సమయమంతా అది ఆయన రొంటిలో నిద్రపోతూ ఉంటుంది.

"ఏటి మావయ్యా, ఇంకా కొయ్యకుండా కూకున్నారు?" అన్నాను బండి దిగకుండానే.

"ఆర్డరు రాలేదు కదా బాబూ. ఇంకో ఇరవై రోజులైనా పడతాదని ఫీల్డుమేను సెప్పేడు." ఫీల్డుమేను అంటే ఫ్యాక్టరీ తరఫున తోటలన్నీ తిరిగి చూసుకునే ఆయన.

"ఫీల్డుమేనికి ఏటి తెలుసు మావయ్యా! ఇది వినండి." అని సాల గుమ్మం ముందు నిలబడి ఆ కబురు చదివాను. ఊరికే చదవలేదు. 'తల బాదుకున్నా' అన్న చోట తల బాదుకున్నాను, 'ద్రోహం' అన్న చోట వేలు చూపించాను. ఇరుగుపొరుగు నలుగురు పోగయ్యారు.

మావగారు అంతా విన్నారు. తాడు పక్కన పెట్టారు.

"ఇది రాసినోడు ఎవుడు బాబూ?"

"పేరు ఎట్టుకోలేదు. గొప్పోళ్లు పేర్లు ఎట్టుకోరు."

"శనివారమంటే, ఏ శనివారం?"

"వచ్చే శనివారమే! వారానికి శనివారాలు ఎన్నుంటాయి మావయ్యా?"

పోగైనవాళ్లు నవ్వారు. మావగారు నవ్వలేదు. "పోనీ ఫ్యాక్టరీ ఆఫీసుకి ఒకపాలి ఫోన్ సేసి కనుక్కోండి బాబూ. అంత పెద్ద ఫోనుంది కదా సేతిలో" అన్నారు.

ఇక్కడ నా తెలివి గురించి చెప్పుకోవాలి. ఫోను అనేది ఫోన్ చెయ్యడానికి కూడా పనికొస్తుందన్న సంగతి ఆ రోజుల్లో నాకు గుర్తుండేది కాదు. "ఒక్క ఆఫీసుని అడగడమేటి, లోకాన్నే అడుగుతాను ఉండండి" అని గ్రూపులన్నిట్లోనూ 'ఈ విషయం నిజమేనా? తెలిసినవారు చెప్పగలరు' అని పెట్టాను.

జవాబులు ఎలా వచ్చిపడ్డాయని! రోలుగుంట నుంచి ఒకాయన 'నిజమే, మాకూ వచ్చింది' అని అదే కబురు తిరిగి పంపించాడు. ఆఫీసు గ్రూపులో ఒకాయన దాన్నే ఎర్ర అక్షరాల్లో పెట్టాడు. చుట్టాల గ్రూపులో మా పిన్ని దాని చుట్టూ పువ్వులు అంటించింది. ఇంకొకాయన గొంతు రికార్డు చేసి పంపాడు: "మా బావకి ఫ్యాక్టరీ సంగతులన్నీ తెలిసిన పెద్దమనిషి ఒకాయన ఉన్నారండి. ఆయనే స్వయంగా సెప్పేరంట. ముమ్మాటికీ నిజం."

"సూసేరా మావయ్యా! ఒకడు కాదు, ఇద్దరు కాదు, తొమ్మిదిమంది!" అన్నాను. ఆ తొమ్మిదిమందికీ ఆ కబురు పొద్దున్న టీ తాగుతూ పంపినవాడు ఎవడన్న ఆలోచన నాకు రాలేదు. నేను వదిలిన గాలి నాకే తిరిగొచ్చి తగులుతుంటే, తుపాను వస్తోందని ఊరందరికీ చెప్పుకున్న మనిషిని నేను.

మావగారు చాలాసేపు చేను వైపు చూశారు. చివరికి, "మీరు సదువుకున్నోరు బాబూ. మీకు తెలీకుండా సెప్తారేటి" అని లేచి, కోతగాళ్లని పిలవడానికి వెళ్లారు.

ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు చెంపలు వేడెక్కుతాయి. మిగతాదంతా నవ్వొస్తుంది గాని ఈ ఒక్క ముక్కకి నవ్వు రాదు. ఆయన ఆ కబురుని నమ్మలేదు. నన్ను నమ్మారు.

గురువారం, శుక్రవారం కోత సాగింది. నేనూ చాలా కష్టపడ్డాను. గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడి, పడుతున్న చెరకుకి అటు నుంచీ ఇటు నుంచీ ఫొటోలు తీసి, 'ముందుచూపు ఉన్న రైతు, ముందుండి నడిపించే అల్లుడు' అని రాసి స్టేటస్ పెట్టాను. శుక్రవారం మధ్యాహ్నానికి ఎకరంన్నర తోటా కట్టలు కట్టి పడుంది. ఆ ఎత్తయిన పచ్చటి చేను ఉన్న చోట నుంచి అవతలి ఊరు కనపడుతోంది. "అబ్బ, ఎంత బాగా కనిపిస్తందో!" అన్నాను. మావగారు కట్టల మీద ఎండ పడకుండా ఆకు కప్పుతున్నారు.

శనివారం పొద్దున్నే మొదటి లోడు ట్రాక్టరు మీద వేసుకుని ఫ్యాక్టరీ ఉన్న గోవాడ వైపు బయల్దేరాం. మావగారు ట్రాక్టరు మీద, నేను వెనక బండి మీద. ఫ్యాక్టరీ గేటుకి చేరేసరికి అక్కడ మాలాంటివాళ్లు పదిహేను మంది ఉన్నారు. కొందరివి ఎడ్లబళ్లు, కొందరివి ట్రాక్టర్లు, కొందరు కనుక్కుందామని ఉత్తచేతులతో వచ్చినవాళ్లు. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. ఒక్కరి చేతిలోనూ ఆర్డరు లేదు.

ఫీల్డుమేను బయటికొచ్చాడు. మావగార్ని చూసి ఆశ్చర్యపోయాడు.

"ఏటి నాయుడూ, ఆర్డరేది?"

"ఆర్డరు లేదు బాబూ. ఇయ్యాలే ఆఖరంట కదా?"

"ఏటి ఆఖరు?"

"క్రషింగు."

"ఎవుడు సెప్పేడు?"

పదిహేను ఫోన్లు ఒక్కసారి ఆయన ముక్కు ముందుకి వచ్చాయి. ఆయన ఒకటి తీసుకుని చదివాడు. మళ్లీ చదివాడు. ఆయన వెనకాల ఫ్యాక్టరీ గొట్టం నుంచి పొగ కులాసాగా పోతోంది.

"ఈ శనివారం అని ఉంది. ఏ శనివారమయ్యా? ఏ నెల? ఏ సంవత్సరం? ఫ్యాక్టరీ ఇంకా నెల్రోజులకి పైగా ఆడతాది! ఎవుడో రాసీడం, మీరు కోసీడమూనా?"

మావగారు నా వైపు చూడలేదు. నేను మాత్రం అప్పటికీ తగ్గలేదు. తగ్గి ఉంటే ఈ కథలో సగం పరువైనా దక్కేది. నేను ముందుకొచ్చి, రోషంతో గొంతు పెంచి, "ఇది మామూలు తప్పు కాదండీ. రైతుల కడుపు మీద కొట్టడం! ఇది రాసినోణ్ణి ఇప్పుడే, ఇక్కడే పట్టుకోవాలి. ఎవరికి ఎవరు పంపించేరో వరసగా సెప్పండి, నేను రాస్తాను" అన్నాను. జేబులోంచి పెన్ను కూడా తీశాను.

విచారణ మొదలైంది. విచారణాధికారి నేనే.

"మీకెవరు పంపించేరు?"

"మా బావమరిది, రోలుగుంట."

"రోలుగుంటకి ఎవరు పంపించేరు?"

అక్కడికి ఫోన్ చేస్తే, చోడవరంలో ఒక మేష్టారు పంపించారన్నాడు. మేష్టారికి చేస్తే, మా వీధి గ్రూపులో వచ్చిందన్నారు. ఇంకో వరస చుట్టాల గ్రూపు దగ్గర ఆగింది. మూడోది ఆఫీసు గ్రూపు దగ్గర. నేను పాత కవరు వెనకాల గీతలు గీస్తూ పోయాను. గీతలన్నీ తిరిగి తిరిగి ఒకే పేరు దగ్గరికి వచ్చాయి. ఒక ముసలాయన కవరు మీదికి వంగి, "అందరికీ ఈ గోవిందరావే పంపించేడు కదా. ఎవుడీ గోవిందరావు?" అని అడిగాడు.

"గోవిందరావంటే..." అన్నాను, గొంతు సవరించుకుని. "గోవిందరావంటే నేనేనండి."

పదిహేను మంది ఒక అడుగు దగ్గరికి వచ్చారు.

"ఆగండాగండి! నేను పంపించేను గాని రాయలేదు! రాసినోణ్ణి ఇప్పుడే పట్టిస్తాను!" అని చిట్టిబాబుకి ఫోన్ చేసి, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టాను. నా చేతులతో నేనే పెట్టాను, ఎవరూ బలవంతం చెయ్యలేదు.

"ఒరే చిట్టీ! బుధవారం నాడు సెరుకు గురించి ఒకటి పంపించేవు కదరా. అది రాసిన వెధవ ఎవడ్రా?"

అవతల వాడు, "ఒరే, నిన్ను నువ్వే తిట్టుకుంటన్నావేట్రా?" అన్నాడు.

"ఏటి?"

"అది నువ్వు రాసిందే కదరా! మూడేళ్ల కిందట, సీజను ఆఖర్లో. మన క్లాసు గ్రూపులో ఎట్టేవు. నా ఫోను నిండిపోయిందని పాతవన్నీ తుడుస్తంటే కనపడింది. నవ్వుకుని నీకే పంపించేను. కింద ఇంకో ముక్క కూడా రాసేను కదరా, సదవలేదేటి?"

వాడి పేరు వెతికి తెరిచాను. పదకొండు గ్రూపుల కింద మూడు రోజులుగా కూరుకుపోయిన ఆ రెండో ముక్క అక్కడుంది. 'ఇది రాసిన మొనగాడు ఎవడో సెప్పుకో సూద్దాం!'

నేను మొదటిది చదవగానే పంపిణీకి దిగాను కదా, రెండోది చూసే తీరిక ఎక్కడుంది? మూడేళ్ల కిందట ఆ కబురు నిజమే. సీజను నిజంగానే ఆ శనివారంతో అయిపోయింది. తారీఖు వెయ్యకుండా రాసింది నేను, గేదెని గుద్ది ఫోను పోగొట్టుకుని, రాసిన సంగతే మర్చిపోయింది నేను, తిరిగొస్తే చదివి పులకరించింది నేను, ఊరంతా చాటింది నేను, దొంగని పట్టుకోవాలని పెన్ను తీసింది కూడా నేనే.

ముందు ముసలాయన నవ్వాడు. తర్వాత ఫీల్డుమేను. తర్వాత గేటు కాపలావాడు. ఎడ్లు తప్ప అందరూ నవ్వారు. మా మావగారు నవ్వలేదు. లోడు మీంచి జారిన ఒక కట్ట మీద కూర్చుని తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నారు.

ఫీల్డుమేనికి జాలేసింది. "ఒక్కో బండి తెచ్చినోళ్లది ఎలాగో పైవాళ్లతో మాట్లాడి సర్దుతాను" అన్నాడు. బళ్లు తెచ్చిన మిగతా వాళ్లు ఎంతో కొంత జాగ్రత్తపడి ఒక బండి మాత్రమే కోశారు. వాళ్లకి చదువుకున్న అల్లుళ్లు లేరు. తోటంతా కోసింది మా మావగారొక్కరే. ఆ ఎకరంన్నరా సర్దడం ఫీల్డుమేను చేతిలో లేదు.

నేను దగ్గరికెళ్లి, "మావయ్యా..." అన్నాను.

"నువ్వు ముందు ఆ కబురు ఆపు" అన్నారాయన.

పెళ్లయిన ఆరేళ్లలో మా మావగారు నన్ను 'నువ్వు' అనడం అదే మొదటిసారి. తిట్టినా అంత దెబ్బ తగిలేది కాదు.

"ఇంకా ఎవుడు ఎక్కడ కత్తి ఎడతన్నాడో. ఆపు" అన్నారు మళ్లీ.

"ఇప్పుడే రాసి పంపిస్తాను మావయ్యా, అబద్ధమని..."

"రాయొద్దు! రాస్తే అది మళ్లీ మూడేళ్లకి తిరిగొస్తాది. నోటితో సెప్పు. ఒక్కొక్కడికీ."

గేటు ఎదురుగా టీ దుకాణం బల్ల మీద కూర్చుని ఫోన్లు మొదలుపెట్టాను. "హలో, నేను గోవిందరావుని. క్రషింగ్ ఆఖరని పంపించాను కదండీ, అది తప్పండీ" అని ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. మా ఆఫీసాయన ఒకరు, "అబద్ధమని మాకెప్పుడో తెలుసు లెండి. పంపించింది మీరు కదా" అన్నారు. గొంతు రికార్డు చేసి పంపినాయన మాత్రం ఎంత చెప్పినా ఒప్పుకోలేదు.

"అబద్ధమెలాగవుతాదండీ? మా బావకి తెలిసిన పెద్దమనిషి స్వయంగా సెప్పేరు!"

"ఆ పెద్దమనిషి ఎవరండీ?"

"సోడవరంలో గోవిందరావు గారని."

"ఆ గోవిందరావుని నేనేనండి! నేనే సెప్తన్నాను, అబద్ధం!"

"మీరు కాదండీ. ఆయన బాగా తెలిసినాయన."

ఫోన్ పెట్టేశాడు. నా మాట మీద నాకన్నా నమ్మకమున్నవాడితో ఏం వాదిస్తాం?

ఇక కోసిన చెరకు. మిగిలింది ఒకటే దారి, బెల్లం వండెయ్యడం. పక్క ఊళ్లో గానుగ ఉన్న రైతు మావగారికి పాత స్నేహితుడు, ఆయన తన చెరకు ఆపుకుని రెండు రోజులు మాకు గానుగ ఇచ్చాడు. కూలీలు చాలలేదు. చాలనిచోట నన్ను పెట్టారు.

పొయ్యి దగ్గర నిలబడే ముందు మావగారు చెయ్యి చాపారు. నా ఫోను ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని తన మీటల ఫోను పక్కన రొంటిలో దోపుకున్నారు. రెండు రోజులు నేను పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోశాను. ఎదర మంట, నెత్తిన ఎండ, కంట్లో పొగ. అరచేతుల్లో బొబ్బలెక్కాయి. బొటనవేలికి కూడా ఎక్కాయి, చూసి కొంత న్యాయం జరిగిందనిపించింది. మావగారి రొంటిలో నా ఫోను నిమిషానికోసారి టింగు టింగుమంటోంది. ఆయన పెనంలో మరుగుతున్న పాకం మీద మడ్డి తీస్తూ నా వైపు తిరిగారు.

"రోజూ ఇలాగే ఏడుస్తాదేటి ఇది?"

"ఇలాగే మావయ్యా."

"పాలెవరు ఇస్తారు దీనికి?"

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. రెండు రోజుల్లో అదే నా మొదటి నవ్వు.

సోమవారం సాయంత్రం ఆఖరి పాకం దించారు. ఎండకి కొంత రసం పోయినా, మావగారి చెయ్యి మంచిది, బెల్లం తేనెరంగులో దిగింది. నష్టం లేదని చెప్పను, ఉంది. కానీ ఏడాది చాకిరీ మొత్తం ఎండిపోకుండా కాస్త దక్కింది. ఆయన వేడి బెల్లం ముద్ద ఒకటి చెరకు ఆకులో పెట్టి నా దగ్గరికి తెచ్చారు.

"తినండి బాబూ. పొద్దుటి నుంచీ ఏటీ తినలేదు."

'తినండి' అన్నారు. పొగ వల్ల నా కళ్లు ఎలాగూ నీళ్లు కారుతున్నాయి కాబట్టి ఎవరికీ ఏమీ తెలియలేదు. ఫోను కూడా తిరిగిచ్చారు. అందులో ఆరువందల చిల్లర కబుర్లున్నాయి. ఒక్కటీ తెరవకుండా జేబులో పెట్టుకున్నాను.

ఇంటికొచ్చి స్నానం చేసి, బుద్ధిగా కూర్చుని, పదకొండు గ్రూపుల్లోనూ నా ఆఖరి రాత పెట్టాను. 'అయ్యలారా, అమ్మలారా! తెలియని కబురు పంపడం తోటి మనిషికి ద్రోహం చెయ్యడమే! పంపే ముందు ఒక్క ఫోన్ చేసి కనుక్కోండి! బండి మీద ఫోను ముట్టుకోకండి! నా పాపం నాతోనే పోనివ్వండి!' ఈసారి తెలివిగా కింద తారీఖు, నెల, సంవత్సరం వేశాను. తర్వాత తొమ్మిది గ్రూపుల్లోంచి తప్పుకున్నాను. ఆ వారంలో ఈశ్వరి వంకాయ వండింది.

అంతటితో అయిపోయిందనుకున్నాను. ఏడాది దాటాక ఒక ఆదివారం మా పిన్ని దగ్గర నుంచి ఒక కబురు వచ్చింది, చుట్టూ పువ్వులు. 'అయ్యలారా, అమ్మలారా! తెలియని కబురు పంపడం...' కింద తారీఖు ఎవరో కత్తిరించేశారు. నాకు ఒళ్లు పులకరించింది. ఎవరు రాశారోగాని ఏం రాశారు! బొటనవేలు దానంతట అదే లేచింది.

"ఏటండీ అది?" అంది వంటింట్లోంచి ఈశ్వరి.

బొటనవేలు గాల్లోనే ఆగింది. ఫోను తీసుకెళ్లి బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాను.

కాబట్టి, మా మావగారు బెల్లం వండిన పెనం సాక్షిగా, బస్టాండు గేదె సాక్షిగా, ఇందుమూలంగా నేను ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరు ఏం పంపినా, అది ఎంత బాగున్నా, ముఖ్యంగా చాలా బాగుంటే, ముందు అది నేనే రాశానేమో కనుక్కోకుండా ఎవరికీ పంపను.